ప్రింటులో పూర్తయ్యే ప్రయాణం

ఆన్సెల్ ఆడమ్స్ (1902–1984) అమెరికా పడమటి రాష్ట్రాల కొండలు, ఎడారులు, సముద్ర తీరాల వెంట జీవితమంతా తిరిగి ప్రకృతి దృశ్యాలను నలుపు తెలుపుల్లో చిత్రించిన ఫోటోగ్రాఫర్. శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. 1916లో, పద్నాలుగేళ్ల వయసులో, తల్లిదండ్రులతో యోసెమిటీ లోయకు వెళ్లి అక్కడ కొడాక్ బాక్స్ బ్రౌనీ కెమెరాతో తొలి ఫోటోలు తీశాడు. ఆ లోయకు రాకపోకలు ఆయన చివరిదాకా మానలేదు. మొదట ఆయన అనుకున్న వృత్తి పియానో వాయించడం. ఫోటోగ్రఫీయే తన బతుకని తేల్చుకునేసరికి 1930 వచ్చింది.

ఆయన చిత్రాల గురించి, వాటి మీదుగా మొత్తం ప్రకృతి ఫోటోగ్రఫీ గురించి, ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. మంచి చోటికి మంచి వేళకు చేరుకోవడం, చేతిలో మంచి కెమెరా ఉండడం, సరిగ్గా ఆ క్షణంలో మీట నొక్కడం, ఇంతటితో కళాకారుడి పని అయిపోతుందనీ, ఆ తర్వాత ఫిల్ము కడిగి కాగితం మీదికి ఎక్కించడం స్టూడియో కుర్రాడు చేసే యాంత్రికమైన పని అనీ ఆ అభిప్రాయం. ఇదే అభిప్రాయానికి రెండో ముఖం కూడా ఉంది. ఫోటోగ్రాఫర్ డార్క్‌రూములో ఆకాశాన్ని నల్లబరిచాడనో, కొండ నీడను లోతు చేశాడనో తెలిసిన మరుక్షణం, అయితే ఇది అసలు దృశ్యం కాదు, మోసం అంటారు. ఈ రెండు మాటలూ చాలాసార్లు ఒకే నోట వస్తాయి. ప్రింటు తీయడం ఉత్త నకలే అయితే అందులో మోసానికి చోటు లేదు. మోసం చేయగలిగినంత శక్తి ప్రింటుకు ఉంటే అది నకలు కాదు. రెంటినీ కలిపి నమ్మేవారు ప్రింటు అనే వస్తువును ఎప్పుడూ దగ్గరగా చూడలేదనే చెప్పాలి. ఆడమ్స్ చేసిన పని మొత్తం ఈ అభిప్రాయానికి ఎదురు సాక్ష్యం. ప్రకృతి దృశ్యం ఆయన దగ్గర కొండ మీద మొదలై కాగితం మీద పూర్తయింది. ఆ రెండో సగంలో చేసిన ప్రతి నిర్ణయానికీ ఆయనే కర్త, ఆయనే బాధ్యుడు.

ముందుగా "ఉన్నది ఉన్నట్టు" అన్న మాటను పరీక్షించాలి. కంటికి లోకం రంగుల్లో కనిపిస్తుంది. నలుపు తెలుపు ఫిల్ము ఆ రంగులన్నిటినీ బూడిద ఛాయలుగా మారుస్తుంది. ఏ రంగు ఏ ఛాయ కావాలన్నది ప్రకృతి నిర్ణయించదు, ఫిల్ము పూతలోని రసాయనాలు నిర్ణయిస్తాయి. పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో వాడిన కొలోడియన్ గాజు పలకలు నీలం కాంతికి విపరీతంగా స్పందించేవి. సముద్రానికి సరిపడా వెలుగు ఇస్తే ఆకాశం తెల్లటి ఖాళీగా మిగిలేది. మబ్బుకు సరిపడా ఇస్తే సముద్రం నల్ల ముద్దయ్యేది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లె గ్రే 1857 ప్రాంతంలో దక్షిణ ఫ్రాన్సులోని సెట్ రేవు దగ్గర తీసిన సముద్ర చిత్రానికి, అలలకు ఒక నెగటివూ ఆకాశానికి మరో నెగటివూ వాడి, రెంటినీ ఒకే కాగితం మీద కలిపి ప్రింటు తీశాడు. దిగంతం దగ్గర అతుకు ఉంది. కానీ ఒకే నెగటివుతో తీసిన అప్పటి సముద్ర చిత్రాలకంటే ఆ అతుకు ఉన్న చిత్రమే తీరంలో నిలబడినవాడు చూసిన దానికి దగ్గరగా ఉంది. అతుకు లేని తెల్ల ఆకాశం "సహజం" కాదు. అది రసాయనం చేసిన నిర్ణయం, మనిషి దానికి తల ఒగ్గాడు, అంతే. చేయి పెట్టని ఫోటో అనేది ఈ కళ పుట్టిన నాటి నుంచీ లేదు.

ఆడమ్స్ ఈ సంగతిని అనుభవంలో తెలుసుకున్న రోజు 1927 ఏప్రిల్ 10. ఆ రోజు ఆయన, తరువాత భార్య అయిన వర్జీనియా బెస్ట్, మరికొందరు స్నేహితులు యోసెమిటీలో హాఫ్ డోమ్ అనే మహాశిల పడమటి భుజం మీదికి మంచులో ఎక్కారు. బరువైన వ్యూ కెమెరా, పన్నెండు గాజు పలకలు మోసుకెళ్లారు. నిలువుగా తెగిన బండ ముఖం ఎదురయ్యే చోటికి చేరి, దాని మీదికి ఎండ తిరిగేదాకా కాచుకునేసరికి మిగిలినవి రెండు పలకలే. మొదటిదాన్ని పసుపు ఫిల్టరుతో తీశాడు. అది మామూలుగా అందరూ చేసే పని, పసుపు ఫిల్టరు నీలాకాశాన్ని కొద్దిగా ముదురు చేస్తుంది. తీసిన వెంటనే, ఇది తన మనసుకు తగిలిన బండ కాదని ఆయనకు అనిపించింది. ఆ నిటారు రాతి బరువు, దాని ముందు మనిషికి కలిగే బెరుకు అందులో రావు. చివరి పలకకు ముదురు ఎరుపు ఫిల్టరు బిగించాడు. ఎరుపు ఫిల్టరు నీలం కాంతిని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఆకాశం నలుపుకు దిగుతుంది, ఎండ తగిలిన రాయి దాని మీద వెలుగుతుంది, నీడల్లో ఉండే ఆకాశపు నీలి కాంతి కూడా తగ్గి అవి గాఢమవుతాయి. "మోనోలిత్, ది ఫేస్ ఆఫ్ హాఫ్ డోమ్" అనే పేరుతో ప్రసిద్ధమైన చిత్రం ఆ రెండో పలకే. ఒకే చోటు, ఒకే కెమెరా, నిమిషాల తేడా. చోటూ క్షణమూ అన్నీ చేస్తాయన్న వాదం ఈ రెండు పలకల దగ్గరే వీగిపోతుంది. రెండు పలకలకూ చోటు ఒకటే, ఎండ ఒకటే. మారింది చివరి ప్రింటు ఎలా ఉండాలో ముందే మనసులో చూసుకున్న మనిషి. ఈ ముందుచూపునే ఆయన జీవితాంతం బోధించాడు.

అదృష్టం వాదానికి అందరూ చూపించే ఉదాహరణ "మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో". కథ బాగా ప్రచారంలో ఉంది. 1941లో ఆడమ్స్ అమెరికా అంతర్గత వ్యవహారాల శాఖ కోసం జాతీయ పార్కుల కుడ్య చిత్రాల పనిమీద తిరుగుతూ, కొడుకు మైకేల్‌తో, మిత్రుడు సెడ్రిక్ రైట్‌తో కలిసి సాయంకాలం శాంటా ఫే వైపు కారులో వస్తున్నాడు. రోడ్డు పక్క పల్లె, చర్చి, శ్మశానంలోని తెల్ల శిలువల మీద వాలుతున్న ఎండ, తూర్పున లేచిన చంద్రుడు కనిపించాయి. కారు ఆపి, హడావిడిగా కెమెరా నిలబెట్టి ఒక్క ఫోటో తీశాడు. రెండోది తీసేలోగా శిలువల మీది ఎండ పోయింది. కథ ఇక్కడ ఆపేస్తే అది అదృష్టమే.

అయితే ఆ హడావిడిలో జరిగిన పని వేరు. లైట్ మీటర్ కనబడలేదు. పున్నమికి దగ్గర్లో ఉన్న చంద్రుడి వెలుగు చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని ఆయనకు గుర్తుంది. ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి అప్పటికి ఒకటి రెండేళ్ల క్రితమే ఆయన జోన్ పద్ధతిని రూపొందించి ఉన్నాడు. గాఢమైన నలుపు నుంచి కాగితపు తెలుపు దాకా ఛాయలను మెట్లుగా విడగొట్టి, దృశ్యంలోని ఏ వెలుగు ప్రింటులో ఏ మెట్టు మీద పడాలో ముందే నిర్ణయించే లెక్క అది. చంద్రుడు ఏడో మెట్టు మీద, అంటే తెల్లగా ఉంటూనే ఉపరితలపు ఛాయలు పోని చోట, ఉండాలనుకున్నాడు. దాన్ని బట్టి ఎక్స్‌పోజర్ కట్టాడు, పసుపు ఫిల్టరుతో ఎఫ్/32 దగ్గర ఒక సెకను. ముందరి పల్లె చీకట్లో ఉంది, దానికి వెలుగు చాలదని ఆయనకు తెలుసు. అందుకే ఫిల్మును డెవలపర్‌లోనూ మంచినీళ్లలోనూ మార్చి మార్చి ఉంచి కడిగాడు. ఆకాశం లాంటి వెలుగు భాగాల్లో ఫిల్ము పీల్చుకున్న మందు నీళ్లలో త్వరగా అయిపోతుంది, చీకటి భాగాల్లో నెమ్మదిగా పనిచేస్తూ ఉంటుంది. ఇంత చేసినా వచ్చిన నెగటివ్ ఇబ్బందికరమైనదే. కింది భాగం పలచన, ఆకాశంలో అక్కరలేని మబ్బు చారలు. 1948లో ఆయన ధైర్యం చేసి నెగటివ్ కింది భాగాన్ని ఇంటెన్సిఫయర్ ద్రావణంతో చిక్కబరిచాడు. ఉన్నది ఒక్కటే నెగటివ్, చేయి జారితే చిత్రమే లేదు. కొడుకు పక్కన నిలబడి చూసిన సాయంత్రానికీ, మందులో నెగటివ్ ముంచిన ఆ రోజుకీ మధ్య ఏడేళ్లున్నాయి. మీట నొక్కిన క్షణంలోనే చిత్రం పూర్తయిందనే వారికి ఈ ఏడేళ్లు లెక్కలోకి రావు.

ఈ చిత్రం తీసిన తేదీ సంగతి కూడా ఇక్కడ చెప్పుకోదగ్గది. ఆడమ్స్‌కు తేదీలు గుర్తుండేవి కావు. ఈ చిత్రానికి ఆయనే వేర్వేరు సంవత్సరాలు వేశాడు. చివరికి 1991లో ఖగోళ లెక్కలు తెలిసిన డెన్నిస్ డి చీకో, చంద్రుడి స్థానాన్ని బట్టి అది 1941 నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాలని తేల్చాడు. క్షణాన్ని పట్టుకోవడమే ఈ కళలో సర్వస్వమని లోకం ఏ చిత్రాన్ని చూపి చెబుతుందో, ఆ చిత్రాన్ని తీసినవాడికి ఆ క్షణం ఏ సంవత్సరంలోదో సరిగా గుర్తులేదు. ఆయనకు గుర్తున్నవి చంద్రుడి వెలుగు కొలత, నెగటివ్‌లోని ఇబ్బంది, ఆకాశం ఎలా ఉండాలన్న ఆలోచన.

ఇక ప్రింటు. ఆడమ్స్ డార్క్‌రూములో పెద్ద నెగటివ్‌ల కోసం అడ్డంగా అమర్చిన ఎన్‌లార్జర్ ఉండేది. దాని వెనక వరసగా దీపాలు, ఏ దీపానికి ఆ దీపాన్ని విడిగా ఆర్పే వీలు. ఎదురుగా పట్టాల మీద కదిలే పలకకు కాగితం బిగించేవాడు. సెకన్లు లెక్క పెట్టడానికి గడియారం బదులు సంగీతకారులు వాడే మెట్రోనోమ్ టక్కుటక్కుమంటూ ఉండేది, కళ్లు కాగితం మీద ఉండాలి కనుక. మొదట మొత్తం కాగితానికి వెలుగు ఇస్తాడు. ఆ సమయంలోనే పల్లె, శిలువలు ఉన్న భాగానికి అట్టముక్క అడ్డం పెట్టి కదిలిస్తాడు. అక్కడ వెలుగు తక్కువ పడి ఆ భాగం తేటగా వస్తుంది. తరువాత ఆకాశం వంతు. అట్టను దిగంతం నుంచి పైకి, చంద్రుడి నుంచి పై అంచుకు జరుపుతూ అదనపు వెలుగు ఇస్తాడు. మబ్బు చారలు కొద్దికొద్దిగా నలుపులో కలిసిపోతాయి. అట్ట ఒకచోట ఆగితే గీత పడుతుంది, అందుకని చేయి ఆగకూడదు. కాగితం ఆరాక ఛాయలు కొంచెం ముదురుతాయి. ఆ తేడా ముందే తెలియడానికి ఆయన తరువాతి రోజుల్లో పరీక్ష ముక్కలను మైక్రోవేవ్‌లో ఆరబెట్టి చూసుకునేవాడు. చివర సెలీనియం ద్రావణంలో ముంచితే నలుపు మరింత లోతెక్కుతుంది, ప్రింటు ఆయుష్షు పెరుగుతుంది. ఇదంతా ఒక్క ప్రింటుకు. ఈ ఒక్క నెగటివ్ నుంచి ఆయన తన చేత్తో తీసినవి 1,300కు పైనే అని అంచనా.

వాటిలో తొలినాటివీ చివరినాటివీ పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. నలభైల నాటి ప్రింట్లలో ఆకాశం మధ్యస్థంగా బూడిదరంగులో ఉంటుంది, పైన పలచటి మబ్బులు కనబడతాయి, సాయంకాలం ఇంకా మిగిలి ఉంటుంది. డెబ్బైల నాటి ప్రింట్లలో ఆకాశం దాదాపు కటిక నలుపు. పల్లె ఒక్కటే వెలుగుతుంది, పైన చంద్రుడు ఒంటరి. రెండూ ఒకే నెగటివ్ బిడ్డలు. ఒకటి సాయంత్రం, రెండోది రాత్రి. ఇందులో ఏది అసలు అని అడగడం తప్పు ప్రశ్న. ఒక గాయకుడు యవ్వనంలో ఒక కీర్తన పాడి, ముప్పై ఏళ్ల తర్వాత అదే కీర్తనను ఆగి ఆగి, మరింత గంభీరంగా పాడితే రెండోదాన్ని మోసమని ఎవరూ అనరు. సంగీతం నుంచి వచ్చిన ఆడమ్స్ కూడా నెగటివ్‌ను స్వరపత్రంతోనూ ప్రింటును కచేరీతోనూ పోల్చేవాడు.

ఫోటో విషయంలో ఒప్పుకోని వెసులుబాటును ముద్రణ కళలో అందరూ తేలికగానే ఒప్పుకుంటారు. జపాను కళాకారుడు హిరోషి యోషిదా (1876–1950) ఇందుకు దగ్గరి ఉదాహరణ. ఆయన కూడా యాత్రికుడే. 1925లో అమెరికా దృశ్యాలతో చెక్క అచ్చుల వరస తీశాడు. అందులో ఒకటి యోసెమిటీలోని ఎల్ కాపిటాన్ శిల, ఆడమ్స్ హాఫ్ డోమ్ ఎక్కడానికి రెండేళ్ల ముందు. తరువాత భారతదేశం కూడా వచ్చి తాజ్‌మహల్, అజంతా, ఎల్లోరా లాంటి చోట్లు చిత్రించి 1931లో అచ్చులు వేశాడు. 1926 నాటి తెరచాప పడవల వరసలో అవే పడవలు ఉదయంలో, మధ్యాహ్నంలో, పొగమంచులో, రాత్రిలో కనిపిస్తాయి. చెక్క పలకలు అవే, మారింది రంగుల కలయిక, అద్దే తీరు. అచ్చు పని తన పర్యవేక్షణలోనే జరగాలని ఆయన పట్టుబట్టేవాడు. ఆ పడవలు నిజానికి ఏ వేళవి అని యోషిదాను ఎవరూ నిలదీయలేదు. పలక ఒకటి, దాని నుంచి వచ్చే ముద్ర ప్రతిసారీ కొత్త నిర్ణయం అని ఆ కళను చూసేవారికి తెలుసు. నెగటివ్ కూడా ఒక పలకే. కాంతి చెక్కిన పలక అయినంత మాత్రాన దానికి ఈ న్యాయం వర్తించకపోవడానికి కారణం కనబడదు.

ప్రింటును ఆడమ్స్ ఎంత గట్టిగా వస్తువుగా భావించాడో ఆయన సంపుటాలు చెబుతాయి. 1927లో వచ్చిన తొలి సంపుటి పేరు "పార్మేలియన్ ప్రింట్స్ ఆఫ్ ది హై సియెర్రాస్", పద్దెనిమిది ప్రింట్లు. ఫోటో అంటే కళగా కొనరన్న భయంతో ప్రచురణకర్త లేని మాటను పుట్టించి పేరులో పెట్టారు. ఆ భయమే ఈ వ్యాసం ఖండిస్తున్న అభిప్రాయానికి ఎంత వయసుందో చూపిస్తుంది. 1930లో రచయిత్రి మేరీ ఆస్టిన్‌తో కలిసి చేసిన "తావోస్ ప్యూబ్లో" మరీ విశేషమైనది. అచ్చు పేజీలకు వాడిన కాగితానికే విలియం డాసన్‌విల్ చేత కాంతి పూత పూయించి, పన్నెండు చిత్రాలను ఆ కాగితం మీదే తీశాడు. నూటికి పైగా ప్రతులకు ఒక్కోదానికి పన్నెండు, అన్నీ ఆడమ్స్ చేతి ప్రింట్లే. మెరుపు లేని ఆ కాగితంలో న్యూ మెక్సికో మట్టి గోడల గరుకుదనం ఉంది. నిగనిగలాడే కాగితం మీద అదే నెగటివ్‌కు ఆ గుణం రాదు.

1938 నాటి "సియెర్రా నెవాడా: ది జాన్ మ్యూర్ ట్రైల్" కథ ఇంకా ముఖ్యం. కింగ్స్ నది లోయలను కాపాడాలని ప్రకృతి రచయిత జాన్ మ్యూర్ 1891లోనే పత్రికలో రాశాడు. దాదాపు అర్ధ శతాబ్దం గడిచినా పార్కు రాలేదు. ఆడమ్స్ పుస్తకం 500 ప్రతులే వేశారు. బొమ్మలను విడిగా నాణ్యంగా అచ్చువేసి పేజీలకు అతికించారు. ఒక ప్రతి అంతర్గత వ్యవహారాల మంత్రి హెరాల్డ్ ఇకిస్‌కు చేరింది, ఆయన దాన్ని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు చూపించాడు. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కు ఏర్పడింది. పార్కు ఒక్క పుస్తకంతో వచ్చిందనడం అతిశయోక్తి, వెనక సియెర్రా క్లబ్ అనే ప్రకృతి పరిరక్షణ సంఘం ఎన్నో ఏళ్లు చేసిన పోరాటం ఉంది. కానీ వాషింగ్టన్‌కు నడిచి వెళ్లింది కొండ కాదు. కాగితం మీద, ఎంచిన ఛాయల్లో, ఒక మనిషి తీర్చిన కొండ వెళ్లింది.

ఇప్పుడు మోసం అన్న ఆరోపణకు రావాలి. ఆడమ్స్ 1932లో ఎడ్వర్డ్ వెస్టన్, ఇమోజెన్ కనింగ్‌హామ్, విల్లార్డ్ వాన్ డైక్ మొదలైనవారితో కలిసి ఎఫ్/64 బృందాన్ని పెట్టాడు. "శుద్ధ ఫోటోగ్రఫీ" వారి నినాదం. శుద్ధి గురించి మాట్లాడినవాడే డార్క్‌రూములో ఇంత పని చేశాడంటే అది ఆత్మవంచన కాదా అని అడుగుతారు. ఆ బృందం వ్యతిరేకించింది ఛాయల మీద అదుపును కాదు. అప్పట్లో ఫోటోగ్రాఫర్లు చిత్రలేఖనాన్ని అనుకరించడానికి మసక కటకాలు వాడేవారు, కుంచె గుర్తులు కనబడేలా ప్రింటు మీద రుద్దేవారు. ఆ అరువు సొమ్ము వద్దని వారు అన్నారు. వెలుగును పెంచడం, తగ్గించడం, ఆపడం ఫోటోగ్రఫీకి సొంత పనిముట్లు. పైగా ఆడమ్స్ దాచిందేమీ లేదు. ఎక్స్‌పోజర్ ఎంత, ఏ ఫిల్టరు, ఏ మందు, ప్రింటులో ఎక్కడ వెలుగు ఆపాడు, ఎక్కడ పెంచాడు అన్నీ పుస్తకాల్లో రాశాడు, శిబిరాల్లో విద్యార్థులకు చూపించాడు. 1983లో వచ్చిన "ఎగ్జాంపుల్స్" పుస్తకం మొత్తం నలభై చిత్రాలు తయారైన తీరు గురించే. తన పనితీరును పాఠంగా చెప్పినవాడిని మోసగాడనడం అన్యాయం. వార్తా ఫోటోకు నియమం వేరు. అది జరిగిన సంఘటనకు సాక్ష్యమని పాఠకుడికి మాట ఇస్తుంది, ఆ మాట తప్పకూడదు. ప్రకృతి ప్రింటు అలాంటి మాట ఇవ్వలేదు.

అయినా ఛాయ మార్చడం ఒకటి, వస్తువును తీసేయడం ఒకటి. ఆడమ్స్ ఒకచోట ఆ రెండోదీ చేశాడు, దాన్ని తేలికగా దాటేయకూడదు. 1944 నాటి "వింటర్ సన్‌రైజ్" చిత్రంలో వెనక మంచు కప్పిన సియెర్రా శిఖరాల మీద తొలి ఎండ, మధ్యలో చీకటి గుట్టలు, కింద వెలుగు పట్టెలో మేస్తున్న గుర్రం. ఆ చీకటి గుట్ట మీద లోన్ పైన్ హైస్కూలు పిల్లలు సున్నంతో తమ ఊరి పేరు తొలి అక్షరాలు రెండు పెద్దగా వేశారు. ఆడమ్స్ ఆ అక్షరాలను చిత్రంలో కనబడకుండా చెరిపేశాడు. విమర్శ వస్తే, కొండ మీది ఆ మచ్చను శాశ్వతం చేసేంత శుద్ధివాదిని కానని సమాధానం చెప్పాడు. ఈ సమాధానం పూర్తిగా ఒప్పేలా లేదు. ఆ అక్షరాలు రాసినవాళ్లు అక్కడి పిల్లలు, ఆ కొండ వాళ్ల ఊరి కొండ.

ఇక్కడి నుంచే ఆడమ్స్ మీద అన్నిటికన్నా బలమైన విమర్శ మొదలవుతుంది. ఆయన చూపిన పడమటి దేశంలో చాలాచోట్ల మనుషులు లేరు. యోసెమిటీ ఎవరూ లేని లోయ కాదు. అక్కడ అవానీచీ ప్రజలు నివసించేవారు, 1851లో మారిపోసా దళం అనే సాయుధ బృందం వారిని తరిమింది. ఆ చరిత్ర తెలిసినవారికి ఆయన లోయ చిత్రాల్లోని ఖాళీ కలత కలిగిస్తుంది, కలిగించాలి కూడా. అదే సమయంలో, సియెర్రా పాదాల దగ్గర జపాన్ సంతతి అమెరికన్లను నిర్బంధించిన మన్జనార్ శిబిరానికి వెళ్లి, అక్కడి మనుషుల ముఖాలను దగ్గరగా తీసి 1944లో "బార్న్ ఫ్రీ అండ్ ఈక్వల్" అనే పుస్తకంగా వేసినవాడూ ఆయనే. యుద్ధం నడుస్తుండగా ఆ పని చేయడానికి తెగువ కావాలి. కానీ అదే శిబిరం దగ్గర తీసిన విలియమ్సన్ శిఖరం చిత్రంలో పెద్ద బండల మైదానం, వెనక మబ్బు చీల్చుకు వచ్చే కాంతి కిరణాలు ఉన్నాయి, శిబిరం లేదు. మన్జనార్ అన్న మాట శీర్షికలో మాత్రమే ఉంది.

గమనించవలసింది ఏమిటంటే, ఈ విమర్శలో ఒక్క ముక్క కూడా "చోటు, క్షణం, మీట" సిద్ధాంతంతో చేయడానికి వీలు లేదు. ఫోటోగ్రాఫర్ ఉన్నదాన్ని పట్టుకున్నాడంతే అయితే, ఖాళీకి ఆయన బాధ్యుడు కాడు, ఆ రోజు అక్కడ ఎవరూ లేరు అని చెప్పి తప్పుకోవచ్చు. చట్రంలో ఏది ఉండాలి, ఏది చీకట్లోకి పోవాలి, ఏది చెరగాలి అన్నవి నిర్ణయాలని ఒప్పుకున్నప్పుడే ఎవరి నిర్ణయం, ఎందుకు అని అడగగలం. ప్రింటును నకలు అనేవారు కళాకారుడిని తక్కువ చేస్తున్నామనుకుంటారు. నిజానికి ఆయన్ను జవాబు చెప్పనక్కర లేకుండా వదిలేస్తున్నారు.

ఇంకో అభ్యంతరం ఉంది. ప్రింటే అంతా అయితే ప్రయాణం దేనికి, ఇంట్లో కూర్చుని ఏ నెగటివ్‌నైనా నల్లబరుచుకోవచ్చు కదా అని. ఇది కూడా పొరపాటే. ఆడమ్స్ 1920 నుంచి కొన్ని వేసవులు యోసెమిటీలో సియెర్రా క్లబ్ భవనానికి సంరక్షకుడిగా ఉన్నాడు. గాడిద మీద సామాను వేసుకుని ఎత్తు కొండల్లో రోజుల తరబడి తిరిగాడు. వింటర్ సన్‌రైజ్ కోసం గడ్డకట్టే చలిలో వరసగా ఎన్నో తెల్లవారుజాములు కాచుకున్నాడు. చివరి ఉదయం కూడా గుర్రం తోక చూపిస్తూ నిలబడి, ఎండ పట్టె వచ్చే సమయానికి పక్కకు తిరిగింది. అంత సేపు చలిలో నిలబడ్డవాడి ఒంటికి ఆ వెలుగు ఎంత పలచనో, ఆ చీకటి ఎంత చిక్కనో తెలుస్తుంది. డార్క్‌రూములో అట్టముక్కను ఎప్పుడు జరపాలో చెప్పేది ఆ జ్ఞాపకమే. ప్రయాణం లేని ప్రింటుకు దేనితో సరిచూసుకోవాలో తెలియదు. ప్రయాణాన్ని మీట నొక్కే క్షణానికి కుదించేవారు నిజానికి యాత్రను కూడా తక్కువ చేస్తున్నారు. వారి లెక్కలో అది కాచుకోవడం, చలి, తిరిగి తిరిగి వెళ్లడం ఏమీ లేని అదృష్టపు చీటీ.

నేటి ఫోన్ కెమెరాలు ఈ అభిప్రాయాన్ని మరింత బలపరిచాయి, అదే సమయంలో దాని పునాదిని పూర్తిగా తీసేశాయి. ఒక్కసారి తాకితే ఫోన్ వరసగా ఎన్నో ఫ్రేములు తీసి, వాటిని కలిపి, ఆకాశాన్ని దించి, నీడలను ఎత్తి, పూర్తి చేసిన చిత్రాన్ని చేతిలో పెడుతుంది. ఏ మార్పూ చేయలేదని గర్వంగా పెట్టే కొండ ఫోటోలో మార్పులన్నీ తయారీదారు ముందే చేసేశాడు. లె గ్రే రెండు నెగటివ్‌లతో చేసిన పనినే యంత్రం ఇప్పుడు అడక్కుండా చేస్తోంది. ఆడమ్స్ చేతిలో ఉన్న నిర్ణయం ఎక్కడికీ పోలేదు, ఫోటో తీసేవాడి చేయి దాటిపోయింది, అంతే. తన దృశ్యం తనది కావాలనుకునేవాడు దాన్ని తిరిగి తీసుకోవాలి.

ఆడమ్స్ తన నెగటివ్‌లను ఏం చేయాలన్న ప్రశ్నకు ఇచ్చిన జవాబు కూడా ఈ వాదనలోదే. ఎడ్వర్డ్ వెస్టన్ కొడుకు బ్రెట్ వెస్టన్ తన ఎనభయ్యో పుట్టినరోజున, 1991లో, తన నెగటివ్‌లను పొయ్యిలో వేశాడు. తన చేయి లేకుండా అవి తన చిత్రాలు కావని ఆయన నమ్మకం. ఆడమ్స్ కాల్చలేదు. 1975లో అరిజోనా విశ్వవిద్యాలయంలో, టూసాన్ నగరంలో, సెంటర్ ఫర్ క్రియేటివ్ ఫోటోగ్రఫీ స్థాపనకు తోడ్పడి తన భాండాగారాన్ని అక్కడ ఉంచాడు. ఎంపిక చేసిన కొన్ని యోసెమిటీ నెగటివ్‌ల నుంచి ఆయన సహాయకుడు అలన్ రాస్ ఆయన ఉండగా తీయడం మొదలుపెట్టిన ప్రింట్లు ఆ తర్వాతా వస్తూనే ఉన్నాయి. వాటి మీద ఆడమ్స్ సంతకం ఉండదు, ఎవరు తీశారో స్పష్టంగా ఉంటుంది. ఒకరు కాల్చారు, ఒకరు దాచారు. ఇద్దరి పనిలోనూ ఉన్న ఒప్పుకోలు ఒకటే, నెగటివ్ ఇంకా చిత్రం కాదు.

మ్యూజియంలు ఈ సంగతిని చాలాకాలంగా పాటిస్తున్నాయి. చిత్రం పక్కన ఒక తేదీ నెగటివ్‌కు, మరో తేదీ ప్రింటుకు వేస్తాయి. హెర్నాండెజ్ చంద్రోదయాన్ని పుస్తకాల్లో, క్యాలెండర్లలో పునర్ముద్రించేటప్పుడు తరచుగా మిగిలేది 1941 ఒక్కటే. అది ఏ దశాబ్దపు ప్రింటో, ఆకాశం బూడిదగా ఉన్నదో నల్లనిదో చెప్పకుండా ఆ చిత్రం గురించి రాసే ఏ వ్యాఖ్యా సరైన వస్తువు గురించి రాసినట్టు కాదు. రెండో తేదీ కూడా ప్రతిచోటా అచ్చు కావాలి.